మన కుట్టు దుకాణం పేరు దక్కింది

చెల్లాయీ,

దేవుడి దయవల్ల మన కుట్టు దుకాణం వెబ్‌సైట్ పేరు, అలాంటి పేర్లు నమోదు చేసే పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి క్షేమంగా మారింది. "మార్చడంలో పేరు పోతే పోయింది, ఇంకోటి పెట్టుకోండి వదినా" అన్న మరిదిగారికి ముందు చెప్పు. ఆర్డర్లన్నీ ఆ పేరు మీదే వస్తుంటే ఎలా వదులుకుంటాను?

పాత కంపెనీ సైటులో పేరును ఎవరూ మార్చకుండా వేసి ఉన్న తాళం తీసి, బదిలీ కోడ్ తెప్పించుకున్నాను. ఇంతలో ఎవరో ఒకతను ఫోన్ చేశాడు.

"కోడ్ చెప్పండమ్మా, మేమే మార్చేస్తాం."

"బీరువా తాళాలు అల్లుడికే ఇవ్వను, నీకెలా ఇస్తాను నాయనా?" అని మెల్లగా ఫోన్ పెట్టేశాను.

దేవుణ్ణి తలచుకుని ఆ కోడ్‌ను కొత్త కంపెనీ పేజీలో నేనే కొట్టాను. ఈ ఉదయం పేరు నా ఖాతాలోకి వచ్చింది. వెంటనే మళ్లీ తాళం వేశాను. ఆర్డర్లు ఒక్క పూట కూడా ఆగలేదు!

మరిదిగారు తన ప్రెస్సు వెబ్‌సైట్ పేరును కూడా ఇలా వేరే కంపెనీకి మార్చుకోవాలంటే రమ్మను, పక్కన కూర్చుని నేర్పిస్తాను. కోడ్ మాత్రం నాకు కూడా చెప్పొద్దను.

ఆశీస్సులతో,
అక్కయ్య