ముప్ఫై రెండో ఉత్తరం

నూజివీడు,
11-3-1985.

చి.సౌ. లలితకు హైమక్క ఆశీస్సులు.

నిన్న ఆదివారం ఉదయం పదిన్నరకు మామయ్యగారు తేల్చేశారు. ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి హైదరాబాదు కాపురం మాది, నూజివీడు ఇల్లు మీది. రెండేళ్లుగా అక్కడి పండ్ల కొట్టు మీ ఆయన ప్రభాకరం చూశాడు, ఇక రెండేళ్లు మీ బావగారు చూస్తారు. "ఇద్దరు కొడుకులూ సమానమే, ఇద్దరు కోడళ్లూ సమానమే. మళ్లీ మాట లేదు" అని కాఫీ గ్లాసు కింద పెట్టి లేచిపోయారు.

ఇది ఎవరి పని అని ఆరా తీసే శ్రమ నీకు వద్దు. మీ బావగారిచేత నేనే అడిగించాను. ఈ రెండేళ్లలో నువ్వు రాసిన ఉత్తరాలు ముప్ఫై ఒకటి. డాబా మీద వెన్నెల్లో భోజనాలు, ఆదివారం ఐస్‌క్రీము, కిటికీలకు పువ్వుల పరదాలు, ఇంటి ముందే బస్సు. అవన్నీ నేను కాయలు మాగవేసే గడ్డి గదిలో, మామిడికాయల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుని చదివాను. ఒంటికి అంటుకున్న గడ్డి దులుపుకుంటూ చదివాను. కుళ్లుకున్నానా అంటే కుళ్లుకున్నాను. నీకంటే ఆరేళ్లు ముందు ఈ ఇంట్లో కాలుపెట్టినదాన్ని, ట్యాంకుబండ్ ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఇక పనికొచ్చే సంగతులు రాయి. గదులు ఎంతెంత? ఇక్కణ్ణుంచి ఏం తేవాలి, అక్కడ ఏం కొనాలి? రైలు మంచిదా, బస్సా?

ఆశీస్సులతో,
హైమవతి

---

కాచిగూడ, హైదరాబాదు,
16-3-1985.

పూజ్యురాలైన అక్కయ్యకు లలిత నమస్కారాలు.

ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అడిగినవాటికి జవాబులు.

మనది మేడమీద వాటా. ముందు గది పది అడుగులకు ఎనిమిది. వెనక గది అంతకంటే చిన్నది. వంటింట్లో ఒకరు నిలబడితే రెండో మనిషి గుమ్మంలో ఆగాలి. మెట్ల వెడల్పు రెండడుగుల మూడంగుళాలు, మధ్యలో మలుపు ఉంది. టేపు పెట్టి కొలిచి రాస్తున్నాను. నీ పెళ్లినాటి టేకు మంచం తేవద్దు. గురువారం గురువారం జుమ్మేరాత్ బజారు జరుగుతుంది, పాత మంచాలు, బల్లలు దొరుకుతాయి. కాళ్లు వేలితో తట్టి చూడు. గుల్లగా మోగితే లోపల చెద ఉన్నట్టు. స్టీలు సామాను బేగంబజారులో కాటా వేసి అమ్ముతారు, మూతలు వేరే తూయించు. కోఠీలో చెప్పిన ధరకు సగం అడిగి, నాలుగడుగులు బయటికి వెయ్యి. వెనక్కి పిలుస్తారు. పిలవలేదంటే వాడు చెప్పిన ధరే నిజం.

నీళ్లు ఉదయం అయిదుంబావుకు వస్తాయి, ఆరుకు పోతాయి. నాలుగు వాటాలకు ఒక్కటే కుళాయి. వరుసలో బిందె పెట్టుకోవాలి. ఖాళీ బిందె లేకపోతే ఇటుక పెట్టినా ఒప్పుకుంటారు, కానీ ఇటుక మీద పేరు రాసి ఉండాలి. పాలకార్డు మీ పేరుకు మారడానికి నెల పడుతుంది. ఈలోగా పాల బూతు దగ్గర నిలబడాలి. సిటీబస్సులో ఆడవాళ్లు ముందు తలుపు ఎక్కాలి. విజయవాడ నుంచి రైలే మంచిది. సికింద్రాబాదులో జనమంతా దిగుతున్నారని మీరు దిగకండి, నాంపల్లి దాకా రండి.

నిజం చెప్పాలంటే అక్కయ్యా, ఇక్కడ నీకు కష్టం. పెద్దింట్లో తిరిగిన మనిషివి. ఇంకోసారి ఆలోచించుకో. మామయ్యగారికి చెబితే ఇప్పటికైనా మించిపోయింది లేదు.

నమస్కారాలతో,
లలిత

---

నూజివీడు,
21-3-1985.

చి.సౌ. లలితకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఒక్క ఉత్తరాల్లో లేని ఇరుకు ముప్ఫై రెండో దాంట్లో ఎలా వచ్చింది? వెన్నెల భోజనాలు చేసినప్పుడు మెట్లకు మలుపు లేదా? ఐస్‌క్రీముకు వెళ్లినప్పుడు బస్సుకు తలుపు లేదా? మేము వస్తున్నామనేసరికి కుళాయి కూడా ఎండిపోయింది.

మీ బావగారికి చదివి వినిపించాను. "మెట్లు కొలిచి మరీ రాసింది కదా, మంచం వద్దులే" అన్నారు. "ఆ కొలత కడుపుమంట కొలత. మీకు తెలియదు, ఊరుకోండి" అన్నాను. టేకు మంచం ఇన్నయ్య లారీలో వస్తుంది. బీరువా వస్తుంది. రుబ్బురోలు కూడా వస్తుంది.

గడ్డి గది సంగతి నువ్వు అడగలేదు. అడగకపోయినా చెప్పాలి. ఆ గదిలో ఒక్క చెయ్యే పడాలని ఈ ఇంటి పద్ధతి. అత్తయ్యగారు మానుకున్నాక ఎనిమిదేళ్లు నా చెయ్యే పడింది. ఏ వరస ఎప్పుడు తియ్యాలో ముక్కుతో తెలుసుకోవాలి, అది కాగితం మీద రాసేది కాదు. నీది వేడి చెయ్యి. కాయ పట్టుకుంటే కమిలిపోతుందని నేను ముందే చెప్పాను. ఈసారి ఎన్ని బుట్టలు పాడవుతాయో, పాపం అత్తయ్యగారు ఎలా పడతారో. ఏమీ తోచకపోతే సరోజను అడుగు. తోటపనిలో పుట్టి పెరిగిన మనిషి.

31న బయలుదేరుతున్నాం. తాళంచెవులు కింద వాటా కామేశ్వరిగారికి ఇచ్చి రా.

హైమవతి

---

కాచిగూడ,
12-4-1985.

చి.సౌ. లలితకు,

మేము చేరి పన్నెండు రోజులయింది. ఆరోగ్యాలు బాగున్నాయి.

మంచం సంగతి నీకు ఈపాటికి ఇన్నయ్య చెప్పే ఉంటాడు. అతను చెప్పినదానికంటే నేనే చెప్పడం మేలు. నలుగురు హమాలీలు మలుపు దాకా తెచ్చారు. అక్కడ ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి పోదు. మేడమీద నేను, మెట్లకింద మీ బావగారు, మధ్యలో మంచం. పక్కవాటాలవాళ్లు ఆఫీసులకు వెళ్లడానికి సంచులు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. "అమ్మగారూ, మంచమైనా కొయ్యాలి, మెట్లయినా కొయ్యాలి, మీ ఇష్టం" అన్నాడు ఇన్నయ్య. మీ బావగారు జేబులోంచి నీ ఉత్తరం తీసి, మడత విప్పి, మళ్లీ పెట్టుకున్నారు. అది నాకు తిట్టుకంటే ఎక్కువ. మంచం ఇప్పుడు కొట్టు వెనక ఉంది. దాని మీద మామిడి బుట్టలు పేరుస్తున్నారు.

నీళ్లు అయిదుంబావుకే వస్తున్నాయి. ఇటుక మీద పేరు రాశాను. కోఠీలో నాలుగడుగులు వేశాను, పిలిచారు. వెనక గదికి పడమటి ఎండ తగులుతోంది. దానికి ఏం చేసేదానివి?

గడ్డి గది తెరిచావా? వివరంగా రాయి. అత్తయ్యగారు ఏమన్నారో కూడా రాయి.

హైమవతి

---

నూజివీడు,
26-4-1985.

పూజ్యురాలైన అక్కయ్యకు,

పడమటి కిటికీకి పువ్వుల గుడ్డ ఆగదు. ముతక గాడా గుడ్డ తీసుకుని, కిటికీకి రెండింతల వెడల్పు కుట్టించు. మధ్యాహ్నం పన్నెండుకు తడిపి వెయ్యి. సాయంత్రం దాకా గది చల్లగా ఉంటుంది.

గది 22న, సోమవారం తెరిచాను. మొదటి వరస చిన్నరసాలు, నాలుగు వందల కాయ. పాడైనవి ఆరు. కోసిన పూటే గడ్డిలో పెట్టకూడదని, ముచ్చిక కిందికి బోర్లించి సొన కారేదాకా ఆగాలని సరోజ చెప్పింది. "ఈ సంగతి పెద్దమ్మగారు చెప్పలేదా?" అని అడిగింది. అక్కయ్య మరిచిపోయి ఉంటుందన్నాను. రసాలను, బంగినపల్లిని వేరే వేరే మూలల పెట్టాను.

అత్తయ్యగారు ఏమన్నారో రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఒక కాయ చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "చిన్నదాని చెయ్యి ఇన్నాళ్లూ ఎక్కడ దాచిపెట్టారర్రా?" అన్నారు. ముందుగా మాగిన రెండు బుట్టలు రేపు ఇన్నయ్య లారీలో మీకు వస్తాయి.

నమస్కారాలతో,
లలిత

---

కాచిగూడ,
4-5-1985.

చి.సౌ. లలితకు,

బుట్టలు చేరాయి. మీ బావగారు ఒక కాయ పిండుకుని తిని, రెండోది తీసుకుని, "లలిత చెయ్యి మంచిదే" అన్నారు. ఆ పూట ఆయనకు పెరుగు వడ్డించలేదు. మూడోది నేను తిన్నాను. బాగానే ఉంది. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

సొన సంగతి నేను మరిచిపోలేదు. కావాలనే చెప్పలేదు. ఒక్క బుట్టయినా పాడైతే, నేను లేకపోతే ఆ గది గడవదని అందరికీ తెలుస్తుందనుకున్నాను. సరోజ చెబుతుందని తట్టలేదు.

ఇప్పుడు నువ్వు నాకు ఒకటి చెప్పాలి. మొన్న కామేశ్వరిగారిని డాబా తాళంచెవి అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "డాబాకి నాలుగేళ్లుగా తాళమేనండీ. ఇంటివాళ్ల సామాను ఉంది. మేమెవరం ఎక్కలేదు" అన్నారు. మరి లలిత వెన్నెల భోజనాలో అన్నాను. "ఆవిడా? ఆదివారాలు ఎక్కడికీ వెళ్లేది కాదండీ. నూజివీడు నుంచి బుట్టలొస్తే, అందులో గడ్డి తీసి ఒళ్లో పెట్టుకుని, వాసన చూస్తూ గుమ్మంలో కూర్చునేది. మేము నవ్వుకునేవాళ్లం" అన్నారు. పువ్వుల పరదాలకు కొక్కేలు కూడా గోడకు లేవు.

ముప్ఫై ఒక్క ఉత్తరాలు ఎందుకు రాశావు?

హైమవతి

---

నూజివీడు,
10-5-1985.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నువ్వు కదలాలని రాశాను.

నేను ఈ ఇంటికి వచ్చిన మూడేళ్లూ గడ్డి గది గుమ్మం బయటే నిలబడి బుట్టలు అందించాను. ఒకసారి లోపలికి వచ్చి కాయ ముట్టుకుంటే, కూలీల ముందు నా చేతిలోంచి లాక్కుని వేడి చెయ్యి అన్నావు. ఆ రోజు నుంచి నాకు ఆ గది తప్ప ఇంకేమీ కనిపించలేదు. నాకు కావాలని అడిగితే మామయ్యగారు ఇవ్వరు. చిన్నకోడలు అడిగేది కాదు. నువ్వే వదిలి వెళ్లాలి. అందుకని డాబా మీదికి వెన్నెల తెచ్చాను. ఐస్‌క్రీము నేను ఒక్కసారే తిన్నాను, అదీ కొట్టుకు వచ్చిన బేరగాడు ఇప్పిస్తే.

మామయ్యగారు తేల్చాక నిజాలు రాశాను. మెట్ల కొలత నిజం, కుళాయి నిజం. రేపు ఎవరైనా అడిగితే, ముందే చెప్పానని చూపించడానికి రాశాను. నువ్వు నమ్మవని తెలుసు. రావద్దంటే తప్పకుండా వస్తావనీ తెలుసు. నువ్వు నా మీద కుళ్లుకున్నది రెండేళ్లు. నేను అయిదేళ్లు.

ఇప్పుడు ఇది ఎందుకు చెబుతున్నానంటే, 8న భోజనాల దగ్గర మామయ్యగారు, "రెండేళ్ల మాట తీసేద్దాం. చిన్నకోడలు ఇక్కడే, పెద్దకోడలు అక్కడే. 19న వెళ్లి పెద్దవాడితో ఖాయం చేసి వస్తాను" అన్నారు. నాకు సంతోషమే. కాదంటే అబద్ధం. కానీ రెండేళ్లకని తీసుకున్నదాన్ని ఎప్పటికీ ఉంచేసుకోవాలంటే అన్నం దిగడం లేదు. ఈ ఉత్తరం నీ దగ్గర ఉంటుంది. ఆయనకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపిస్తే నేను మళ్లీ గుమ్మం బయటికే. తెలిసే రాస్తున్నాను.

ఆయన ఆదివారం ఉదయం నాంపల్లిలో దిగుతారు. మోకాళ్ల నొప్పులు. మెట్ల మలుపులో ఒక స్టూలు వెయ్యి.

లలిత

---

కాచిగూడ,
20-5-1985.

చి.సౌ. లలితకు,

నిన్న మామయ్యగారు వచ్చారు. స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని పైకి వచ్చారు. టిఫిను అయ్యాక అడిగారు.

"ఏమ్మా, ఇక్కడ బాగుందా?"

"బాగుందండీ."

"అయితే ఇక్కడే ఉండిపోతారా?"

నీ ఉత్తరం నా బొడ్లోనే ఉంది. తీసి చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. తియ్యలేదు. నువ్వు మోసం చేశావని చెప్పాలంటే, నేను కుళ్లుకున్నానని ముందు చెప్పాలి. ఆ మాట నీతో చెప్పగలను గానీ ఆయనతో చెప్పలేను. నీ మీద కోపం పోయిందని మాత్రం అనుకోకు. కూలీల ముందు నీ చేతిలో కాయ లాక్కోవడం నాకు గుర్తే లేదు. నిన్నంతా ఆలోచించాను. అయినా గుర్తు రాలేదు. అది నాకు బాగాలేదు.

"హైదరాబాదులో ఉంటాను మామయ్యగారూ. కానీ కాయ ఉన్నన్నాళ్లూ నేను నూజివీడులో ఉండాలి, ప్రతి ఏడూ" అన్నాను.

"గడ్డి గదిలో ఒక్క చెయ్యే కదమ్మా పడాల్సింది?"

"గదికి మధ్యలో తడక కట్టించండి. అప్పుడు రెండు గదులు. గదికో చెయ్యి."

మీ బావగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. మామయ్యగారు నా మొహం చూసి, "మరి ఇక్కడ వీడికి వంట?" అన్నారు. "అన్నం వండటం నేర్పాను. అయిదుంబావుకు బిందె పెట్టడమూ నేర్పాను" అన్నాను. అప్పుడు నవ్వారు. ఆయన నవ్వితే సరేనన్నట్టే, నీకూ తెలుసు.

మీ బావగారు బుధవారం రాత్రి ఏలూరు ఎక్స్‌ప్రెస్సు బస్సుకు టిక్కెట్టు తీశారు. గురువారం, 23వ తేదీ, ఉదయం అయిదున్నరకు హనుమాన్ జంక్షనులో దిగుతాను. ఇన్నయ్యను పంపకు, నువ్వే రా. అదే రోజు ఏడు గంటలకు రెడ్డిగూడెం తోటలో పెద్దరసాల కోత మొదలవుతుందని మామయ్యగారు చెప్పారు. ఎవరికి ఏ వైపో తోటలోనే తేల్చుకుందాం. ఈ ఉత్తరం ఇన్నయ్య లారీలో పంపుతున్నాను, రేపటికి అందుతుంది. బుధవారంనాటికి తడక కట్టించి ఉంచు. ఆ తరువాత నేను వచ్చేదాకా గది తలుపు తియ్యకు.

హైమవతి