చేదు తగ్గిన మందు

నెల్లిమర్ల

బావగారికి నమస్కారాలు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి మీ ఎదుట పెదవి విప్పలేదు. ఇప్పుడు కాగితం మీద మాట్లాడుతున్నాను. కోపం వస్తే రానివ్వండి.

మీ తమ్ముణ్ణి చెప్పకుండా మా పుట్టింటికి ఎందుకు తీసుకుపోయానని కొట్లో పనిచేసే సోములు చేత అడిగించారు. చలిజ్వరానికి డాక్టరుగారు ఇచ్చిన సీసాలో, ఒక్కో మోతాదు తాగించినప్పుడల్లా, తగ్గినంత మేరా మీరు నీళ్లు పోయడం తలుపు చాటు నుంచి చూశాను. "ఇలాగైతే మళ్లీ మందు కొనక్కర్లేదే" అని అక్కయ్యతో అన్నారు. నేను మీ ఎదుటికి రాకూడదు కనుక ఆయనతో చెప్పాను. ఆయన నమ్మలేదు. "అన్నయ్య అలాటి పని సెయ్యడు. సేదు తగ్గినాదంటే జ్వరం తగ్గుతన్నాదన్నమాట" అని మురిసిపోయారు. ఆ సాయంత్రమే మళ్లీ వణుకు పట్టింది.

ఇక్కడి కాంపౌండరు ఆ సీసా వాసన చూసి, "ఇది మందేటమ్మా, సీసా కడిగిన నీళ్లు" అన్నాడు. ఇప్పుడు కొత్త మందు మొహం చిట్లించుకుని తాగుతున్నారు. జ్వరం దిగింది.

కొట్లో మనిషి లేక ఇబ్బందిగా ఉంది, శుక్రవారానికి పంపమన్నారు. పంపను. ఒంట్లో సత్తువ వచ్చాకే వస్తారు. నేనూ వస్తాను, తలుపు చాటుకి మాత్రం కాదు.

మీ సీసా శుభ్రంగా కడిగి సోములు చేతికిచ్చాను. రేపు మీకు జ్వరం వస్తే మందు నేనే పోస్తాను. అందులో చుక్క నీళ్లు కలపను.

మీ మరదలు