చేత్తో తినే మనిషి

డబ్లిన్, ఆదివారం రాత్రి

ఈ నెలలో అన్నయ్య బెల్టు ఇంకో రెండు రంధ్రాలు లోపలికి వెళ్లింది. అన్నయ్యలా సొంతంగా బతకలేని వాళ్లని చూసుకునే గ్రూప్ హోమ్‌లో, స్టాఫ్ రోజూ రాసే లాగ్‌బుక్ అడిగి చదివాను. "భోజనంతో ఆడుకున్నాడు, ప్లేటు తీసేశాం." నెలంతా అదే. ముప్ఫై ఏళ్ల మనిషి అన్నం చేత్తో కలుపుకోవడం వీళ్లకి ఆట!

మేనేజర్ దగ్గరికి వెళ్లబోతే అమ్మ ఆపింది. "అరవకే. ఆరేళ్లు వెయిట్ చేస్తే దొరికిన ప్లేస్. కంప్లెయింట్ చేస్తే వీణ్ణి ఇంటికి పంపేస్తారు. జాబ్ మానేసి నువ్వు చూసుకుంటావా?"

వెనక్కి వచ్చేశాను. ఇంటి నుంచి తెచ్చిన పప్పన్నం డబ్బా అన్నయ్య ముందు తెరిచాను. వాసనకి నవ్వాడు. వెంటనే తలుపు వైపు చూసి, రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు.

ముద్దలు కలిపి నేనే తినిపించాను. అలా కూర్చోవడం ఎవరు నేర్పారని మాత్రం ఎవర్నీ అడగలేదు.