దుకాణం ముందు మంట

అమ్మకి నమస్కారాలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది, మనసుల సంగతే చెప్పలేను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని చదివి ప్రాణం కుదుటపడింది.

"మీ దుకాణం ముందు మందులు తగలబెట్టారట, నిజమేనా?" అని అడిగావు. నిజమే. మందుల సంఘం నుంచి తనిఖీకి ముగ్గురు వచ్చారు. కొత్త చట్టం వచ్చాక వాళ్ళు ఏ దుకాణంలోకైనా చెప్పాపెట్టకుండా రావచ్చు. జ్వరానికిచ్చే బెరడు పీపా తెరిపించి, వాళ్ళలో పెద్దాయన ఒక ముక్క నమిలి ఉమ్మేశాడు. "చేదంతా పైపూతే. ఇది మందు చెట్టు బెరడే కాదు" అన్నాడు. పీపాని వీధిలోకి దొర్లించి నిప్పు పెట్టారు. వీధి వీధంతా తమాషా చూసింది. మామయ్య గుమ్మంలోనే కొయ్యబారిపోయారు.

మీ అల్లుడేమో ఎదురు కొట్టు మిరియాల వ్యాపారి మీద పళ్ళు నూరారు. "కన్నుకుట్టి వీడే సంఘానికి చెప్పుంటాడు" అని అతనితో మాటలు మానేశారు.

అమ్మా, చెప్పింది అతను కాదు. నేను.

బట్టలుతికే అక్క కూతురికి జ్వరమొస్తే ఆ బెరడే నా చేత్తో దంచి ఇచ్చాను. ఎంత పట్టించినా పిల్ల ఒళ్ళు కాలిపోతూనే ఉంది. అనుమానమొచ్చి మామయ్యని అడిగాను. "చవగ్గా వచ్చిందని కొన్నాను. జ్వరం దానంతటదే తగ్గుతుందిలే. కొట్టు సంగతి నీకెందుకు?" అన్నారు. పిల్ల దక్కలేదు. మర్నాడే సంఘం మెట్లెక్కాను.

మా ఇంటి తప్పుకి పాపం ఆ వ్యాపారి మాట పడుతుంటే చూడలేక, నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను. మీ అల్లుడు కంచం తోసేసి లేచారు. "ఇంటి గుట్టు బజార్న పెడతావా!"

మామయ్యే ఆపారు. "ముందు నాకే చెప్పిందిరా. నేనే చెవిన పెట్టలేదు." నావైపు తిరిగి, "ఆ పిల్లకి ఎలా ఉందమ్మా?" అన్నారు.

అప్పటిదాకా ఆయనకి తెలీదు. చెప్పాను. చెప్పులైనా తొడుక్కోకుండా బయల్దేరారు. వెనకే నేనూ వెళ్ళాను. ఆ అక్క తలుపు తియ్యలేదు. పొద్దుగూకేదాకా మామయ్య అక్కడే నిలబడ్డారు.

"కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చెయ్" అని రాశావు. ఇప్పుడు రాలేనమ్మా. దుకాణానికి తాళం పడింది. మామయ్య ఇవాళ కూడా ఆ ఇంటికే వెళ్ళారు, పక్కన ఒకరుండాలి. మీ అల్లుడు ఇంకా నాతో మాట్లాడట్లేదు. పొద్దున మాత్రం ఎదురు కొట్టు మెట్లెక్కి, మిరియాల వ్యాపారి ముందు తలవంచుకుని నిలబడటం కిటికీలోంచి చూశాను.

ఇట్లు,
నీ మాట ఎన్నడూ వినని నీ పెద్దకూతురు