వదులు మంచం

చిరంజీవి పిచ్చుకకి నాన్న మనసారా దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. ఇంటి దగ్గర మీ అమ్మ క్షేమం. మన కుంటి పిల్లి కూడా క్షేమమేనని నిన్న ఫోన్లో చెప్పింది. ఆ దీవిలో, ఆ ఆసుపత్రిలో, నీ రోగులతో సహా నువ్వూ క్షేమమని తలుస్తాను. రోగులు కూడా క్షేమంగా ఉంటే నర్సులకి జీతం ఎవరిస్తారు నాన్నా అని నవ్వుతావు. నవ్వు. ఇవాళ ఎవరు నవ్వినా నాకు బాగానే ఉంది.

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను. మడతల దగ్గర చిరుగు పట్టింది. అడిగినవాటికి జవాబులు రాస్తాను. మోకాలు ఫరవాలేదు, మెట్లు కనపడినప్పుడు మాత్రం మొరాయిస్తుంది. మీ అమ్మ కోపం తగ్గింది, అసలెందుకు వచ్చిందో ఆవిడకే గుర్తులేదు. నువ్వు పంపిన స్వెట్టరు చేతులు పొడుగైతే మడుచుకున్నాను, మడత లోపల చిల్లర దాచుకోవడానికి బాగుంది. ఇక చివర్లో గీత గీసి మరీ అడిగావు, "ఎక్స్‌రే అబ్బాయి సంగతి ఏం ఆలోచించావు నాన్నా, ఔనా, కాదా" అని. జవాబు ఉంది తల్లీ. అయితే నేను నడిచిన దారినే నిన్నూ తీసుకెళ్ళి దాని ముందు నిలబెడతాను. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావు. కాగితం మీద నాన్న మాటకి అడ్డు రాలేవు.

ఎక్స్‌రేలు తీసే ఆ అబ్బాయికి నేను ఎప్పుడూ వంక పెట్టలేదు. మనింటికి వచ్చినప్పుడు చెప్పులు బయట సరిగ్గా జత చేసి విడిచాడు, ఆ ఒక్కదానికే మీ అమ్మ పడిపోయింది. నా బెంగంతా వాళ్ళమ్మ మీద. హోటలు నడుపుతుందని చెప్పావు. ఇల్లే హోటలు, హోటలే ఇల్లు అన్నావు. అప్పటినించీ నాకు అన్నం సహించలేదు. పొద్దున లేస్తే కొత్త మొహాలు, అందరికీ ఒకే నవ్వు, సాయంత్రానికి ఎవరి దారి వాళ్ళది. అలాంటి చోట నవ్వేది మనిషో అలవాటో ఎలా తెలుస్తుంది? నువ్వు రేపు సెలవుల్లో ఆ గుమ్మంలోకి వెళితే కోడలిగా వెళ్తావా, ఇంకో గదికి అద్దెకు వచ్చినదానిలా వెళ్తావా? ఇదీ నా బెంగ. నీకు చెబితే పాతకాలం మనిషివంటావని చెప్పలేదు.

కళ్ళు చూపించుకోవాలని మీ అమ్మకి చెప్పి పట్నం రైలెక్కాను. సంచీ సర్దుతూనే అంది, "కళ్ళు చూపించుకోడానికా, కళ్ళతో చూసి రావడానికా?" నేను దొంగకు తేలు కుట్టినట్టు చెప్పులు వెతుక్కున్నాను.

ఈ పట్నం గురించి ఏం రాయను. మేడల మీద మేడలు, వాటికి గాజు తొడుగులు. తలెత్తి చూస్తే టోపీ పడిపోతుంది, వంగి తీసుకునేలోపు నాలుగు కార్లు హారన్ కొడతాయి. పని మీద వచ్చిన మనిషినైనా ఆగి ఆగి చూస్తూనే ఉన్నాను. ఒకచోట కుక్కలకి క్షవరం చేసే కొట్టు. ఇంకోచోట కిటికీలు తుడవడానికి మనుషులు పైనించి తాళ్ళకి వేలాడుతున్నారు. ఎవరు కట్టారో ఆ తాళ్ళు అని, చివరివాడు దిగేదాకా అక్కడే నిలబడ్డాను. గట్టిగానే కట్టారు.

గడియారాల కొట్ల సందు చివర, రెండు గాజు మేడల మధ్య, రెండు ఒంటెల మధ్య కూర్చున్న కోడిపెట్టలా ఒక పెంకుటిల్లు కనిపించింది. ముందు అరుగు, అరుగు మీద రెండు నులక మంచాలు, వాకిట్లో గిలక బావి, జామచెట్టు, దాని కింద నిజం కోడిపుంజు. గుమ్మం ఎంత పొట్టిదంటే ఎవరైనా సరే తల వంచి వెళ్ళాల్సిందే. మనం చీకాకుపడి వదిలించుకున్నవన్నీ ఇక్కడ నీటుగా సర్ది పెట్టారు. లాంతరు వేలాడుతోంది కదా, వత్తి ఎంత కాలిందో చూద్దామని దగ్గరికెళ్తే లోపల కరెంటు బల్బు.

కోటు వేసుకున్న సారు ఒకాయన, బ్యాంకు పెద్ద ఉద్యోగి అట, వారానికోసారి ఇదే పట్నంలోని తన ఇల్లు వదిలి ఇక్కడ పడుకోడానికి వస్తాడు. పొద్దున్నే పుంజు కూస్తుంటే ఫోను పట్టుకుని దాని ముందు గొంతుకూర్చున్నాడు.

"ఎంత సహజంగా కూసిందో చూశారా?" అన్నాడు నాతో.

"దానికి ఇంకోలా కూయడం రాదండీ," అన్నాను.

మన నిద్ర చెడగొట్టినందుకు దాన్ని రాయి పెట్టి కొట్టేవాళ్ళం, వీళ్ళు గది అద్దె ఇచ్చి మరీ లేపించుకుంటున్నారు. ఈ లోకం నాకు అర్థం కాదు గానీ చూస్తుంటే విసుగు మాత్రం రాదు.

నువ్వీపాటికే పసిగట్టి ఉంటావు. ఔను, అది ఆ హోటలే, ఆ ఎక్స్‌రే అబ్బాయి వాళ్ళమ్మదే. నేను ఎవరినో చెప్పలేదు. కళ్ళ డాక్టరు కోసం వచ్చిన ముసలాయన్నని చెప్పి గది తీసుకున్నాను. కోప్పడకు. వాడు అందరి ఎముకలూ చూస్తాడు, నేను వాడి ఇల్లు చూడకూడదా?

హోటలమ్మ నా వయసుకి కాస్త చిన్నదే, చీపురుపుల్లలా సన్నగా, చకచకా ఉంది. ఎవరొచ్చినా నవ్వు. నాకూ ఒకటి ఇచ్చింది. ఆ నవ్వు వెనక ఏముందో చూడాలని నేను చెయ్యని అల్లరి లేదు. వంటింట్లో అందరూ ఊపిరి సలపని పనిలో ఉన్న వేళ చూసి వేణ్ణీళ్ళు అడిగాను. దిండు ఎత్తుగా ఉందన్నాను, మార్చాక పల్లంగా ఉందన్నాను. "అలాగే పెద్దాయనా" అని నవ్వు. చెయ్యి తగిలి నిజంగానే మట్టికూజా పగలగొట్టాను. "పోనీలెండి, కాలికి గుచ్చుకోలేదు కదా" అని మళ్ళీ అదే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారి మొహం చిట్లిస్తే ఏం పోయింది ఈవిడకి అనిపించింది. తిట్టని మనిషిని ఎలా నమ్మడం?

మధ్యలో ఇంకో వింత. నా గదిలో నులక మంచం వదులు. పడుకుంటే ఉయ్యాల్లో పసిపిల్లాడిలా నడుం నేలకు తగులుతోంది. నీకు తెలుసుగా, బతుకంతా లారీల మీద బస్తాలకి తాళ్ళు కట్టిన చేతులివి. వదులు తాడు కనపడితే వీటికి దురద. కాళ్ళ వైపు తాడు విప్పి, వరసవరసనా లాగి, మన లారీ ముడి వేసి పడుకున్నాను. మర్నాడు ఊరు చూసి వచ్చేసరికి మళ్ళీ వదులు. తాడు నాసిరకమేమో అనుకుని మళ్ళీ బిగించాను. మర్నాడూ అదే. తాడు చూస్తే ఏనుగుని కట్టొచ్చు. నా ముడి చూస్తే జారే రకం కాదు. మరి ఎలా జారింది? నా చేతుల్లో సత్తువ పోయిందా అని లోపల్లోపల కుంగిపోయాను కూడా. గొణుక్కుంటూనే రోజూ బిగించాను. పనిలో పనిగా బట్టల తాడు, బావి తాడు కూడా చూసిపెట్టాను.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక హోటలంతా సద్దుమణిగింది. పెరటివైపు ఎవరో గట్టిగా తిడుతున్నారు. చెవి అటే పోయింది, కాళ్ళు చెవి వెనకే పోయాయి. తలుపు సందులోంచి చూశాను. అక్కడి ముసలి వంటావిడకి జ్వరం. దుప్పటి కప్పుకుని కూర్చుంది. హోటలమ్మ ఎదురుగా గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. మొహంలో నవ్వు చుక్కైనా లేదు.

"నోరు తెరుస్తావా, ముక్కు మూసి పొయ్యనా?"

"చేదుగా ఉందే."

"ఉండదూ మరి, ఇన్నాళ్ళూ నువ్వు వండింది మేం తినలేదా? మింగు. రాత్రంతా మూలిగి నన్ను పడుకోనివ్వలేదు, ఇప్పుడు గారాలొకటి. ఆ చెంగు తియ్యి, తడిసిపోతోంది."

తిడుతూనే చెంగుతో ఆవిడ మూతి తుడిచింది. జ్వరం ఉందో లేదోనని మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. ముసలావిడ అలిగిన పిల్లలా నోరు తెరిచింది. పిచ్చుకా, నీ చిన్నప్పుడు మీ అమ్మ నీకు మందు పోసింది అచ్చం ఇలాగే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. నా చేతికి మెతుకు దొరికింది.

అప్పుడు ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది, "తలుపు చాటు ఎందుకు అన్నయ్యగారూ, లోపలికొచ్చి కూర్చోండి."

ఒక కాలు లోపల పెట్టి అడిగాను, "ఎవరికి అన్నయ్యని తల్లీ?"

"మా వాడికి కాబోయే మామగారు నాకు అన్నయ్య కాకపోతే ఏమవుతారు?"

వంటావిడకి జ్వరంలో కూడా నవ్వాగలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మీరొచ్చిన మర్నాడే. పక్క దులపడానికి వెళితే మంచం డోలులా మోగింది. ఇన్నేళ్ళలో వందమంది పడుకున్నారు, 'పల్లెటూరి మంచం ఇలాగే ఉంటుంది కాబోలు' అని సర్దుకున్నారే గానీ బిగించినవాళ్ళు లేరు. మీ అమ్మాయి మా వాడితో అందిట, మా నాన్న పెళ్ళికి పిలిస్తే ముందు పందిరి తాళ్ళు లాగి చూసి, ఆ తర్వాత అక్షింతలు వేస్తాడని."

అన్నావా? అనే ఉంటావు.

"మరి రోజూ వదులెలా అయింది?"

"నేనే విప్పాను," అంది, గిన్నె కింద పెట్టి. ఏ మాత్రం సిగ్గుపడలేదు. "మీరు నన్ను వేణ్ణీళ్ళతో పరీక్ష పెట్టలేదూ? నాకూ ఉన్నది ఒక్కడే కొడుకు. కష్టపడి కట్టింది మాటిమాటికీ విప్పేస్తుంటే మనిషి ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను. అరుస్తాడా, గది మార్చమంటాడా, చేతులెత్తేస్తాడా. కాపురంలో పెద్దవాళ్ళ పని అదేగా అన్నయ్యగారూ. పిల్లలు వదులు చేసుకుంటారు, మనం మళ్ళీ బిగించాలి."

"నేను అరవలేదు కదా," అన్నాను.

"గొణిగారు. గోడకి చెవి పెట్టి ఇది విన్నది," అని వంటావిడని చూపించింది. "నా వంశాన్నంతా తిట్టారుట. అయినా బిగించారు. నాకది చాలు."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మీ తాత అనేవాడు. ఆ తలదన్నేది ఆడమనిషై ఉంటుందని మాత్రం చెప్పలేదు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వు వచ్చేవాళ్ళకి ఇచ్చే నవ్వు కాదు, పక్క పళ్ళు రెండు లేవు ఆవిడకి, అప్పుడే కనిపించింది.

ఆ తర్వాత ఏమైందో చెబితే నువ్వు నమ్మవు. మర్యాదంతా ఎగిరిపోయింది. నా సంచీ ముందు గదిలోంచి పెరటి గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడి మంచం ఎవరూ విప్పకుండానే వదులు. "అన్నయ్యగారూ, పొయ్యి దగ్గర ఎవరూ లేరు, వేణ్ణీళ్ళు కావాలంటే మీరే తోడుకోండి." "అన్నయ్యగారూ, ఆ కూజా పగలగొట్టింది మీరే కదా, కొట్టుకెళ్ళి కొత్తది పట్రండి." ఇవాళ భోజనం అయ్యాక పళ్ళెం పక్కకి జరపబోతే కనుబొమ్మలు ముడిచి, "ఇక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కుంటారు" అంది. నేనన్ని రోజులు వెతికిన చిట్లింపు అది. కడుపు నిండిపోయింది తల్లీ.

బావి దగ్గర కూర్చుని పళ్ళెం తోముకుంటుంటే కోటు సారు చూసి పరుగున వచ్చాడు. పాపం, మంచివాడు.

"ఇదేంటండీ, మీ చేత కడిగిస్తున్నారా? మీకు మర్యాద సరిగ్గా జరగడం లేదా? నేను మాట్లాడతాను ఉండండి."

"వద్దు బాబూ," అన్నాను, "ఆ మర్యాదలు మీకే. నేను ఇంటివాణ్ణి."

నీ ప్రశ్నకి జవాబు అదే పిచ్చుకా. ఔను. గీత గీసి మరీ ఔను. ఈ ఉత్తరం ఎక్స్‌రే అబ్బాయికి చూపించు, కానీ వాళ్ళమ్మకి పళ్ళు లేవని రాసిన చోటు వేలితో మూసి చూపించు. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. కళ్ళు బాగా కనపడుతున్నాయట అని మాత్రం ఫోన్ చేసి చెప్పాను. "ఏం కనపడిందేమిటి?" అని అడిగింది. ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాలి ఆ ముక్క, ఆవిడ మొహం చూస్తూ.

వేళకి తిను. రాత్రి డ్యూటీల్లో మెడకి ఏదైనా చుట్టుకో. పెరటి గది మంచం ఇంకా సగమే బిగించాను, మిగతాది పూర్తిచెయ్యమని చెల్లెమ్మ వంటింట్లోంచి కేకలేస్తోంది. ఆవిడ కేక వేస్తే ఆగదు, నువ్వు చూద్దువుగాని.

ఇట్లు,
పళ్ళెం కడిగిన చేతి తడి ఈ కాగితానికి అంటించిన
మీ నాన్న