జపాను తల్లి పెట్టిన అన్నం

బిడ్డా లక్ష్మీ,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న మన ఎల్లారెడ్డి బడిలో సారు కామారెడ్డి నుంచి వీసీఆర్ కిరాయికి తెచ్చి, నీ తరగతి పిల్లలకు జపాను సినిమా చూపించారు. ఇంటింటి సంగతులే తీసే డైరెక్టరట. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నేనూ కూర్చున్నాను.

"ఫైటింగులెప్పుడొస్తయి సార్?" అని పిల్లలు సతాయించారు.

అంతలో సినిమాలో తల్లి, చనిపోయిన కూతురి ఫోటో ముందు అన్నం పెట్టి ముచ్చట పెట్టింది. నా చేతులు ఆగిపోయాయి. "పోయినోళ్లకు పెత్రమాసకు పెడ్తరు గని రోజూ పెడ్తరా, పిచ్చి లేసిందా?" అని, నీకు కంచంలో అన్నం పెట్టినప్పుడల్లా మీ మేనత్త నన్ను అంటుంది కదా. అంత దూరాన ఆ జపాను తల్లి కూడా పెడుతోందే!

ఇవాళ, నిన్న సినిమా చూసిన నీ దోస్తు సుజాత వచ్చి నీ కంచం ముందు కూర్చుంది. నేను గుమ్మంలో నుంచి విన్నాను.

"లెక్కల సారు బదిలీ అయిండే లక్ష్మీ," అంది నీతో. "ఇగ దెబ్బలు లేవు."