ఎగువ గట్టు నాది

మే 4, ఆదివారం. ఉదయం 5:20
లేచాను! ఎవరూ లేపకుండానే! ఇక ప్రతి ఆదివారం ఆరింటికల్లా వాగు దగ్గర ఉంటాను. తిరుగులేదు.

మా పేటవాళ్లంతా కలిసి వాగును బాగుచేస్తున్నారు. తలా ఒక గట్టు ముక్క. అన్నిటికంటే ఎగువది నాది. దాని కిందిది మా మేనత్తది. ఎక్కడినుంచో వచ్చిపడ్డ ఊదాపూల తీగ ఒకటి ఒడ్డున పుట్టిపెరిగిన గడ్డిని అల్లుకుని చంపేస్తోంది. కాయ ముదరకముందే దాన్ని వేరుతో సహా పీకాలి. కాయ పగిలిందా, గింజలు నీళ్లలో కొట్టుకుపోయి కిందివాళ్ల గట్టున మొలుస్తాయి.

"అందుకే ఎగువ ముక్క బద్ధకస్తులకు ఇవ్వను," అన్నారు ఈల మాస్టారు. (రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఈల మెడలో లేనిదే గడప దాటరు.)

ఎగువ. దిగువ. ఎంత బాగున్నాయి ఈ మాటలు!

మధ్యాహ్నం: సగం ముక్క శుభ్రం! అరచేతుల నిండా బొబ్బలు. గర్వంగా ఉంది.

మే 11, ఆదివారం
అరగంట ఆలస్యం. మాస్టారు నన్ను చూసే ఈల ఊదారు.

మిగిలిన సగం పీకుదామని కూర్చున్నాను. తీగ పూసింది! ఆ రంగుకు మాట వెతకడానికే గంట పట్టింది. మూడు కొట్టేసి, చివరికి 'సాయంత్రం వెళ్లిపోతూ మరిచిపోయిన రంగు' అని రాసుకున్నాను. పీకడానికి చెయ్యి రాలేదు. కాయ ముదరడానికి ఇంకా టైముందిగా.

కిందనుంచి అత్త కేక: "ఏమే కోడలా, దాన్ని పీకుతున్నావా, జడలేస్తున్నావా?"

మే 18, ఆదివారం
వెళ్లలేదు. కారణాలు:
పరీక్షలు. (వచ్చే నెలలో. అయినా.)
బూట్లు తడిగా ఉన్నాయి.
పోయిన వారమే తడిశాయి. ఆరబెట్టడం మరిచిపోయాను.

మే 25, ఆదివారం. 8:50
ఈపాటికి అందరూ పని ముగించి టీ తాగుతుంటారు. ఇప్పుడు వెళితే టీ కోసమే వచ్చిందనుకోరూ? ఆత్మగౌరవం అడ్డొచ్చింది. మళ్లీ పడుకున్నాను.

అమ్మ దుప్పటి లాగింది. "అత్త ఫోన్ చేసింది. నీ తీగ నిండా కాయలేనట. తను పీకెయ్యనా అంటోంది."

"వద్దను! నా ముక్క నేనే చూసుకుంటా."

"ఎప్పుడు?"

"బుధవారం."

"ఏ బుధవారమో కూడా చెప్పు తల్లీ, అడుగుతుంది."

మే 28. ఆ బుధవారమే
మబ్బు పట్టింది. తడిస్తే జలుబు. జలుబు చేస్తే చదువు పాడు. బాధ్యత తెలిసిన విద్యార్థిని కాబట్టి ఆగిపోయాను.

మే 29, గురువారం
కుండపోత. నిన్న మొదలైన వాన ఇంకా తగ్గలేదు. మామూలుగా అయితే 'కుండపోత' అన్న మాట మీదే పేజీ రాసేదాన్ని. ఇవాళ కిటికీ దగ్గర నిలబడి కాయల గురించే ఆలోచించాను.

జూన్ 8, ఆదివారం
వెళ్లాను. వాన వచ్చిన పది రోజులకు! నా గట్టు మీద పగిలిన కాయలు, ఖాళీగా. అత్త గట్టు మీద, ఎండాకాలమంతా ఆవిడ బకెట్లతో నీళ్లు మోసి బతికించిన లేత గడ్డి. దాని సందుల్లో, ఎక్కడ చూసినా తీగ మొలకలు. అత్త గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే ఏరుతోంది.

"తిట్టత్తా," అన్నాను.

"తిడితే అవి ఊడొస్తాయా? పక్కకు జరుగు, గడ్డి తొక్కుతున్నావు."

తిట్టి ఉంటేనే నయం.

మాస్టారు ఈల ఊదలేదు. "ఈ పిల్ల ముక్క ఇంకెవరికైనా ఇచ్చెయ్యనా?" అని అత్తనే అడిగారు.

అత్త నడుం పట్టుకుని లేచింది. "వద్దు మాస్టారూ. మేమిద్దరం మార్చుకుంటాం. పైది నేను చూస్తా."

"మరి నీ గడ్డి, అత్తా?"

"నాదెక్కడిదే? ఇప్పట్నుంచి నీది. పెంచుకుంటావో చంపుకుంటావో నీ ఇష్టం."

జూన్ 9, సోమవారం. ఉదయం 6:05
ఆదివారాలతో అయ్యే పని కాదు. ఇక రోజూ! ఇవాళే మొదలు.

ఇంటికొచ్చాక: ఒక చేత్తో గడ్డిని అదిమిపట్టి, రెండో చేత్తో మొలకను లాగాలి. తొందరపడితే రెండూ వస్తాయి. ఒకసారి వచ్చాయి. గడ్డిని గబుక్కున మళ్లీ పాతేసి, అత్త చూడలేదు కదా అని తల ఎత్తాను.

"చూశాలే!" ఎగువనుంచి. "వేళ్ల దగ్గర మట్టి గట్టిగా నొక్కు."

నొక్కాను. నిలబడింది.

రేపు కూడా ఆరింటికే. వానొచ్చినా సరే.

(చిన్న వానైతే.)